జిల్దుల కిష్టప్ప విన్న పుస్తకం

దబ్బనంతో ఆఖరి బెజ్జం పొడిచి, దారం బిగించి, పళ్ళతో తెంపి, కిష్టప్ప పుస్తకాన్ని ఒళ్ళోంచి తీసి ఎండలో పెట్టాడు. కచేరీ గంట ఇంకా కొట్టలేదు. నారాయణఖేడ్‌లో వకీలు చన్నబసప్ప ఇంటి అరుగు మీద ముప్పై ఏళ్ళకు పైగా ఆయన కూర్చునేది ఆ మూలే. వీపు ఆనేచోట గోడ సున్నం అరిగి నున్నబడింది. బక్కమనిషి. కుడి బొటనవేలి మీద దబ్బనం తలకాయ ఆనీ ఆనీ పెద్ద కాయ కాసింది. ముక్కు మీద కళ్ళద్దాలు, వాటికి ఒకవైపు కాడ లేదు, దారమే.

చదువు రాదు పాపం. కానీ ఆ తాలూకాలో ఆయన తాకినన్ని పుస్తకాలు ఇంకెవరు తాకారు? వకీళ్ళ కానూనులు, బడి భూగోళాలు, పశువుల డాక్టరు గ్రంథాలు, పట్వారీ పరీక్షకు కూర్చునేవాళ్ళ లెక్కలు. ఇంచుమించు అన్నీ ఉర్దూవే. అట్ట వేసి జిల్దు కట్టమని ఎవరు ఏ పుస్తకం తెచ్చినా, చెయ్యి చాపే ముందు ఆయన ఒక ప్రశ్న అడిగేవాడు.

"గ్రహణం నాడు మొగడు సూది పడితే, కడుపుతోటున్న పెండ్లానికి ఏమన్న అయితదా? మీ కితాబుల ఉన్నదా?"

ఊళ్ళో కొందరికి ఇది వేడుక. కొత్తగా వచ్చిన గుమాస్తాలు దీన్ని వినడానికే చిరిగిన పుస్తకాలు వెతుక్కుని తెచ్చేవాళ్ళు. కిష్టప్పకు వేడుక కాదు. ఆయన భార్య లింగమ్మ నిండుచూలాలుగా ఉన్నప్పుడు సూర్యగ్రహణం పట్టింది. ఆమెను చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టాడు. తాను మాత్రం ఎవరో వకీలు తొందరపెడితే ఒక కానూను పుస్తకం కుట్టాడు. పదిహేను రోజులకు కాన్పయింది. బిడ్డ దక్కలేదు. నెత్తురు ఆగక పొద్దెక్కేసరికి లింగమ్మా పోయింది. "నీ సూదే సంపింది నా బిడ్డను" అన్నది అత్త. ఒక్కసారే అన్నది. ఆ మాట ఒక్కసారి చాలదూ! మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సూదీ వదల్లేదు, అది తప్ప ఇంకో పని తెలియదు కనక. లోకంలో ఇన్ని పుస్తకాలున్నాయి, ఎందులోనో ఒకదానిలో జవాబు ఉండకపోదని ఆయన నమ్మకం.

చన్నబసప్ప, "ఏ కానూనులోనూ దానికి దఫా లేదు కిష్టప్పా" అన్నాడు. భూగోళం పంతులు నిమ్మకాయను, దీపాన్ని పెట్టి గ్రహణమంటే వట్టి నీడేనని చూపించాడు. ఎంత బాగుందో ఆ నీడ సంగతి! వారం రోజులు కిష్టప్ప దాని గురించే మాట్లాడాడు. కానీ సూది సంగతి పంతులుకూ తెలియదు. పశువుల డాక్టరైతే, "బర్రెలకు గ్రహణం పట్టింపు లేదయ్యా" అని నవ్వి వెళ్ళిపోయాడు.

నిన్న మాపటివేళ మిషన్ దవాఖానలో పనిచేసే గ్రేసమ్మ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. చేతిలో గుడ్డలో మూటకట్టిన విడి ఆకులు, ఒక పుస్తకం శవం. బీదర్లో ఎల్లుండే నర్సు పరీక్ష అట. కిష్టప్ప తన ప్రశ్న అడిగాడు.

"ఇది కాన్పుల పుస్తకమే తాతా" అన్నదా పిల్ల. "గ్రహణం మాట నాకు యాదికి లేదు. సూసి చెప్త. రేపటికల్ల కట్టియ్యి, మూడు గంటల మోటరుకు పోవాలె."

కాన్పుల పుస్తకం! ఇన్నేళ్ళలో ఒక్కటైనా ఆయన చేతికి రాలేదు. ఆ ఆత్రంలోనే పొద్దున పనికి కూర్చున్నాడు.

గ్రేసమ్మ పెందలాడే వచ్చింది. ఎండలో ఉన్న పుస్తకాన్ని ప్రేమగా తీసుకుని తెరవబోయింది. తెరుచుకోలేదు. ఇటు తిప్పి, అటు తిప్పి, తెల్లబోయింది.

"తాతా, ఏం జేస్తివి! కుడి దిక్కు కుట్టినవ్. ఇది తెలుగు గదా!"

కిష్టప్ప కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. అయ్యో, అంతే మరి. చేతులకు ఉర్దూ అలవాటు, ఆ పుస్తకాలకు కుట్టు కుడివైపే. మొదటి ఆకు పైన పెట్టి కుడివైపు పొడుచుకుంటూ పోయాయి. తెలుగు పుస్తకమైతే ఏ దిక్కు తెరుస్తారని ముందే అడిగేవాడు. నిన్న ఆ ఒక్కటీ అడగలేదు. కుట్టులో వరుసల చివరి అక్షరాలన్నీ మునిగిపోయాయి.

"నీ కాల్మొక్త బిడ్డా, పరేషాన్ గాకు. విప్పి మల్ల కుడ్త. మోటరు లోపట ఇస్త" అన్నాడు. సిగ్గుతో ఆయన చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"మరి నేనెప్పుడు సదువాలె?" గ్రేసమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

చివరికి దారి ఆమే కనిపెట్టింది. విప్పిన ఆకుల్ని ఒక్కొక్కటే తాను పైకి చదివి అందిస్తుంది, ఆయన ఎడమవైపు పొడిచి కుడతాడు. తెలిసినవి గబగబా దాటేస్తుంది, తెలియనివి నిలబడి చదువుతుంది. అట్లా, జీవితంలో మొదటిసారి, కిష్టప్ప ఒక పుస్తకాన్ని మొదటినుంచి విన్నాడు. అదీ తన భాషలో! కడుపులో బిడ్డ గుండె తల్లి గుండెకంటే దాదాపు రెండింతలు జోరుగా కొట్టుకుంటుందని విని, "నిజమేనా?" అని నోరు తెరిచాడు. బిడ్డ తలకిందులుగా ఎందుకుంటుంది, బొడ్డుతాడులో ఏం పారుతుంది, అన్నీ అడిగాడు. గ్రేసమ్మ విసుక్కుంటూనే చెప్పింది. చెప్పగా చెప్పగా ఆమెకే పాఠం గట్టిపడింది.

సగం దాటాక ఒక ఆకు వచ్చింది.

"కాన్పు తరువాత గర్భసంచి బిగుసుకొననిచో రక్తము ఆగదు. ఎంతటి ఆరోగ్యవంతురాలికైనను ఇది సంభవించవచ్చును. వెంటనే పొత్తికడుపుపై చేయి ఉంచి, గర్భసంచి గట్టిపడువరకు రుద్దవలెను."

దబ్బనం ఆగింది.

"మల్ల సదువు."

చదివింది. మూడోసారీ చదివించుకున్నాడు.

"సూది మాట లేదా?"

"లేదు తాతా. గ్రహణం పేరే లేదు. ఎవలికన్న కావచ్చునట."

"చెయ్యి పెట్టి రుద్దితే ఆగుతుండెనా?"

గ్రేసమ్మ అప్పుడే ఆయన మొహం చూసింది. అబద్ధం చెప్పబోయి, మానుకుంది.

"శానమందికి ఆగుతది."

కిష్టప్ప తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు ఈ చేతులే చంపాయనుకున్నాడు. ఇప్పుడు కాదని తేలింది. కాదని తేలడమే కాదు, ఇవే బతికించేవేమో కూడా. సంతోషపడాలో గుండె బాదుకోవాలో ఆయనకు తెలియలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, కొంచెంసేపటికి దబ్బనం అందుకున్నాడు.

అట్టకు పూసిన గంజి ఆరేదాకా చేసేదేమీ లేకపోయింది. అప్పుడడిగాడు, "ఆ ఒక్క ఆకు నాకు రాసిస్తవా బిడ్డా?"

"నీకు సదువు రాదు గదా?"

"రాకపోతేంది? ఉంటది గదా నా తాన."

వకీలు ఇంట్లో తెల్లకాగితం అడిగి, పుస్తకం చూడకుండానే పెన్సిలుతో రాసింది. ఒక్క మాట తప్పిపోలేదు. ఆమెకే ఆశ్చర్యమేసింది. పెట్రోలు దొరకని యుద్ధం రోజులు, బొగ్గుతో నడిచే బీదర్ మోటారు దగ్గుకుంటూ వచ్చింది. గ్రేసమ్మ ఎక్కింది. కిటికీలోంచి పుస్తకాన్ని తెరిచి, సరిగ్గా తెరుచుకుంటున్నదని చూపించింది.

ఆ పిల్ల నెగ్గింది. కంగ్టి దిక్కు ఊళ్ళలో కాన్పులు చేస్తోందని దీపావళికి కబురు వచ్చింది. కిష్టప్ప ఆ తరవాత ఎవరినీ ఏమీ అడగలేదు. చిరిగిన పుస్తకాలు తెచ్చే గుమాస్తాలు చప్పబడిపోయారు. చలికాలం ఒక ఉదయం ఆయన గోడకానుకుని కునుకుతున్నాడనుకుని చన్నబసప్ప కచేరీకి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికీ అట్లాగే ఉన్నాడు.

సామాను సర్దుతుంటే ఒక పుస్తకం దొరికింది. వకీళ్ళ పుస్తకాలకు కూడా వేయని మేలురకం తోలు, అంచులకు కుట్టు, లోపల ఒక్కటే ఒక్క కాగితం. చన్నబసప్ప కన్నడం చదువుకున్న కళ్ళతో తెలుగును కూడబలుక్కుంటూ చదివాడు. అయిపోయాక మూయలేకపోయాడు. ఆ కాగితం మీద పెన్సిలు రాత చెదరలేదు గాని, ప్రతి వరుస కిందా ఒక వేలు మొదటినుంచి చివరిదాకా నడిచి నడిచి చేసిన నల్లటి దారి ఉంది.