అనంతరావు సార్ కాళ్లు

అనంతరావు సార్ నోరు మహా తీపి. నేర్పేటప్పుడు నేను విమానం ఎలా నడిపినా "శభాష్ ప్రజ్ఞా, చెయ్యి మస్తు కుదిరింది" అనేవాడు. నేను నమ్మాను. పొగిడితే నమ్మే వయసు, పైగా చంద్రపూర్ మొత్తంలో విమానం నేర్చుకునే ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ప్రైవేటు విమాన కంపెనీలు వచ్చిన కొత్త రోజులవి. పైలట్లు కావాలని పేపర్ల నిండా ప్రకటనలు. బొగ్గు లారీలు తిప్పుకునే ఓంప్రకాష్ సేట్ ఇదే అదనని ఊరి బయట రన్‌వే పక్కన విమానం నేర్పే క్లబ్బు పెట్టాడు. గోడలకు కొత్త రంగు, గుమ్మానికి అద్దాల తలుపు. విమానం మాత్రం ఒక్కటే, రెండు సీట్ల పాతది. ఎవరో ఎప్పుడో కక్కిన వాసన ఇంకా పోలేదు. పైన పటారం, లోన లొటారం. మా నాన్న రామకిషన్‌కు ఊళ్లోనే తుకుం పేటలో స్టీలు సామాన్ల దుకాణం. గిన్నెను వేలితో కొట్టి చూడందే కొనడు. అలాంటివాడు అద్దాల తలుపు చూసి మురిసిపోయాడు.

విమానంలో నా ముందు నడిపే చక్రం ఒకటి, సార్ ముందు ఒకటి. కాళ్ల దగ్గర ఇద్దరికీ పెడళ్లు. ఒకరు తొక్కితే రెండోవారివీ కదులుతాయి. నేల మీద పరుగు మొదలుపెట్టి ఇంజన్ జోరు పూర్తిగా పెంచితే ముక్కు ఎడమకు లాగుతుంది, కుడికాలితో తొక్కి సరిచేయాలి. నేర్చుకునేవాళ్లకు ఇది మొదటి పాఠం. నాకు మొదటి రోజే వచ్చేసింది. మా బండి గీత గీసినట్టు పోయేది. సేట్ కొడుకు రోహిత్‌దీ అంతే. ఇద్దరం మా ప్రతాపం చెప్పుకుని మిడిసిపడేవాళ్లం.

ఒకనాడు పరుగు మధ్యలో సార్ ప్యాంటు మీద కందిరీగ వాలింది. ఆయన రెండు కాళ్లూ పైకెత్తి దులుపుకోవడం మొదలుపెట్టాడు. విమానం ఎడమకు తిరిగి గడ్డి వైపు దూసుకుపోయింది. సార్ ఉలిక్కిపడి పెడల్ తొక్కాడు. నా కాలి కింద పెడల్ దానంతట అదే కదిలింది.

"గాలమ్మా, గాలి," అన్నాడు.

గాలి దిశ చూపే గుడ్డసంచి స్తంభానికి తడి లాగులా వేలాడుతోంది. మరుసటి రోజు పరుగు తీసేటప్పుడు ఆయనకు తెలియకుండా నా పాదాలు వెనక్కి లాక్కున్నాను. విమానం గీత గీసినట్టు పోయింది.

"శభాష్! ఇయ్యాల కాలు ఎంత చక్కగ పనిచేసింది!" అన్నాడు సార్.

ఇన్నాళ్లూ ఈ మనిషి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు నన్ను మోసుకు తిరిగాడు, నేను నడుస్తున్నాననుకున్నాను. ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో నా మీద అంతకు రెట్టింపు వేసింది.

దిగాక నిలదీశాను. "తిడితె పిల్లలు ఏడ్సుకుంట పోతరు, మల్ల రారు. ఖుష్ ఉంచుమని సేటే చెప్పిండు బిడ్డా," అన్నాడు, సిగ్గు లేకుండా.

సేట్ దగ్గరికి పోయాను. ఆదివారం నేను ఒంటరిగా మొదటిసారి ఎగరాలని అప్పటికే ముహూర్తం పెట్టేశాడు.

"నాకు రాదు సేట్."

"భయం. అందరికి ఉంటది. పేపరోళ్లను పిలిచిన, మీ నాయన సుట్టాలందరికి చెప్పుకున్నడు. ఇజ్జత్ తీస్తవా ఏంది?"

ఇంట్లో చెప్పాను. నాన్నదీ అదే మాట. "సార్ శభాష్ అంటుండు గద బిడ్డా! నువ్వే ఉత్తగ బుగులుపడుతున్నవ్."

ఆదివారం షామియానా వేశారు. నాన్న బంతిపూల దండతో ముందు వరుసలో కూర్చున్నాడు. ముందు సార్‌తో ఒక చుట్టు, తర్వాత ఆయన దిగిపోతే నేనొక్కదాన్నే. రన్‌వే మొదట్లో విమానం ఆపి సార్ వైపు తిరిగాను.

"సీటు ఎనుకకు జరుపుండ్రి సార్. కాళ్లు మడుసుకొని కూసోండ్రి."

"గదేం మాట? అందరు సూస్తుండ్రు."

"లేకపోతె నేను కదల."

పంక్తిలో భోజనానికి కూర్చున్నట్టు బాసింపట్టు వేసుకుని, మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఇంజన్ జోరు పెంచాను. ముక్కు ఎడమకు లాగింది. కుడికాలు తొక్కితే కుడికి ఉరికింది. ఎడమ తొక్కితే మళ్లీ ఎడమకు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, సగం రన్‌వే దాకా అడ్డదిడ్డంగా పోయి గడ్డి అంచున ఆపగలిగాను. నాకు ఎంత వచ్చో అప్పుడు తెలిసింది.

సార్ కాళ్లు దించి, నుదుటి చెమట తుడుచుకుని, నా ముఖం చూడకుండా అన్నాడు: "సరే. నేను దిగుత. నువ్వు ఒక్కదానివి పోయి ఒక్క సుట్టు తిరిగి రా. దేవుడున్నడు."

ఇప్పుడే కళ్లారా చూసి కూడా నన్ను పైకి పంపుతానంటున్నాడు! ఇంజన్ ఆపేసి, తాళంచెవి లాగి, తలుపు తోసి దిగాను. షామియానా దాకా నడిచేసరికి సేట్ మైకులో "ఇంజన్‌ల చిన్న ఖరాబీ" అని చెప్తున్నాడు.

"ఇంజన్ మంచిగనే ఉంది," అన్నాను అందరికీ వినబడేలా. "నాకే రాదు. ఇన్ని రోజులు సార్ కాళ్లే నడిపినయ్."

నాన్న దండ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సేట్ మైకు పక్కన పెట్టి, నవ్వు చెడకుండా చెయ్యి చాచాడు. "చాబీ ఇయ్యి. లొల్లి చెయ్యకు."

"ఇస్త. ఖరాబీ లేదు గద, రోహిత్‌ను పంపుండ్రి. ఆయనకు గూడ సారే నేర్పిండు, దినాం శభాష్ అంటడు."

పాపం, రోహిత్ ఉషారుగా లేచాడు. కాలర్ సర్దుకుని తాళంచెవి కోసం ముందుకొచ్చాడు. సేట్ చాచిన చేత్తోనే కొడుకు చొక్కా పట్టి గుంజి కుర్చీలో పడేశాడు.

"కూసో! నీకేమొచ్చని పోతవ్? సస్తవా?"

ఆ కేక మైకు లేకుండానే చివరి వరుస దాకా వినబడింది. నాన్న నా ముఖంలోకి చూశాడు. తర్వాత దండను సేట్ ముందున్న బల్ల మీద పడేశాడు. నేను తాళంచెవి దాని పక్కన పెట్టాను. దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.

అద్దాల తలుపు దాటాక నాన్న ఆగాడు. వెనక్కి తిరిగి దాన్ని వేలితో రెండుసార్లు కొట్టి చూసి, గుమ్మంలో ఉమ్మేశాడు.