మా ఆవిడ ఉందిగా

ఆయన చొక్కా కాలరు మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, ముందు గదిలోంచి మాట వినబడింది. “నీ పేరు కూడా ఇచ్చేశాను.”

దేనికో అడగనక్కర్లేదు. కొన్నాళ్లుగా టీవీలో అదే చర్చ. వరదలొచ్చినా, యుద్ధమొచ్చినా, రోగాలు ప్రబలినా ప్రభుత్వం ఒక్కటే నెట్టుకు రాలేదట. జనమే స్వచ్ఛందంగా ముందుకు రావాలట, వార్డువారీగా జట్లు కట్టి శిక్షణ ఇస్తారట. దేశమంతటికీ ఇంకా ప్రతిపాదనే, మా వార్డులో మాత్రం నమూనాగా మొదలుపెడుతున్నారు. ఆయన పడవ జట్టులో చేరి, నన్ను వంట జట్టులో చేర్చారు.

“నన్నొక్క మాట అడగొచ్చుగా?”

“అడిగేదేముంది, దేశం కోసం కదా! వందమందికైనా ఇట్టే వండిపడేస్తుందని చెప్పాను,” అన్నారు, నాకేదో బిరుదు ఇప్పించినట్టు. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “కూర్చుని తరిగే పనేగా,” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆడపడుచు పురిటికి ‘మా ఆవిడ ఉందిగా’. స్నేహితుల విందుకి ‘మా ఆవిడ ఉందిగా’. ఈ సంసారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. ఆఫీసులో మా మేనేజరుదీ అదే పాట, మీటింగ్ అనగానే “టీ సంగతి మేడమ్ చూసుకుంటారు” అంటాడు. నేనక్కడికి లెక్కలు చూడ్డానికి వెళ్తున్నానని ఆ కాసేపు అతనికి గుర్తుండదు. పదిమందికి అన్నం పెట్టడం నాకు బరువు కాదు. చాకిరీ నాది, మంచి పేరు ఆయనది, అదే నా కడుపుమంట. పెళ్లికి ముందు ఏటికి అడ్డంపడి ఈదేదాన్ని. “తడిబట్టలతో నలుగురిలో ఏం బాగుంటుంది” అని మాన్పించిందీ ఈయనే.

ఆదివారం శిక్షణ ఈతకొలను దగ్గర. వంట జట్టు చెట్టుకింద, పడవ జట్టు గట్టుమీద. నేర్పించే ఆవిడ అగ్నిమాపక శాఖ మనిషి, మెడలో ఈల, కంచు గొంతు.

“ఈత వచ్చినవాళ్లు దిగండి!”

పడవ జట్టులో మిగతావాళ్లు దిగారు, ఆయన మాత్రం గట్టుమీదే ఉండిపోయారు.

“మీకు రాదా?”

“లైఫ్ జాకెట్ ఇస్తారుగా మేడమ్,” అన్నారు, మోకాలిలోతు నీళ్లలోనే గోడ పట్టుకునే మా ఆయన.

నేను చెట్టుకింద నుంచి కూరగాయల బుట్టతోనే గట్టుదాకా వచ్చాను. బుట్ట దింపి, చెప్పులు విప్పి, కట్టుబట్టలతోనే నీళ్లలో దూకాను. చేతులు ఏమీ మరిచిపోలేదు. అవతలి గోడ తాకి వెనక్కి వచ్చేసరికి ఆయాసం వచ్చింది, అంతకు మించి సంతోషం వచ్చింది. ఎవరెలా చూస్తున్నారో చూడాలనే అనిపించలేదు.

“పడవ జట్టులోకి వస్తారా?” అంది ఈల ఆవిడ.

“వస్తాను.”

“మరి వంటలో ఒకరు తగ్గుతారే?”

గట్టెక్కి జుట్టు పిండుకుంటూ చెప్పాను. “మా ఆయన ఉన్నారుగా.”

ఆయన నా పక్కకొచ్చి గొణిగారు. “నన్నొక్క మాట అడగొచ్చుగా?”

“కూర్చుని తరిగే పనేగానండీ,” అని బుట్ట ఆయన చేతికిచ్చి, మళ్లీ నీళ్లలోకి దిగాను.