పెంకులు తేలేదాకా

2025 జూలై 29, మంగళవారం, ఉదయం ఏడూ పదికి సీసాలో ఆర్టీమియా పొదిగింది. డబ్బా అడుగున ఉన్న తేదీ ప్రకారం ఆ గుడ్లకి పదకొండున్నర ఏళ్ళు. పది గుడ్లకి ఒకటి చొప్పున బతికాయి. మిగతావి సీసా అడుగుకి దిగాయి.

కొళత్తూరులో మా వీధిలో సగానికి పైగా మేడల మీద చేపల తొట్లున్నాయి. మా ఆయన ఇళంగోవన్‌ని ఈ వ్యాపారంలో అందరూ ఏంజెల్ ఇళంగో అంటారు. ఏంజెల్ చేపల పిల్లలు ఈత మొదలుపెట్టిన రోజు నుంచి మూడు వారాలపాటు ప్రాణమున్న మేతే తింటాయి. ఆ మేత ఆర్టీమియా, ఉప్పునీళ్ళలో పుట్టే సన్నటి రొయ్యజాతి పురుగు; దాన్ని పొదిగించేది నేను. నీళ్ళ సీసా అడుగు కోసి తలకిందులుగా వేలాడదీస్తాను. లీటరు నీళ్ళకి రెండు చెంచాల కల్లుప్పు, అర చెంచా గుడ్లు. గుడ్లు చూడ్డానికి కాఫీ పొడిలా ఉంటాయి. గాలి పంపు గొట్టం లోపలికి దింపి ఒక రోజు ఆగితే పొదుగుతాయి. అప్పుడు పంపు ఆపి పది నిమిషాలు కూర్చోవాలి. ఖాళీ పెంకులు పైకి తేలతాయి. సీసాకి నల్లగుడ్డ చుట్టి, ఒకచోట వేలెడు సందు వదిలి, అక్కడ టార్చి పెడితే ఆర్టీమియా పిల్లలన్నీ ఆ సందు దగ్గరికి వస్తాయి. చీమతల కంటే చిన్నవి, వేలల్లో ఉంటాయి. టార్చి జరిపితే అటు జరుగుతాయి. వాటిని మాత్రం గొట్టంతో గుడ్డలోకి లాగి, మంచినీళ్ళతో కడిగి, తొట్లలో వేయాలి. పెంకు ఒక్కటి చేపపిల్ల కడుపులోకి పోయినా అక్కడ అడ్డుపడుతుంది. మర్నాటికి కడుపు ఉబ్బి అడుగున పడుకుంటుంది. అందుకని ఆ పది నిమిషాలు ఎవరు పిలిచినా లేవను. రోజుకి రెండుసార్లు ఈ పని, పెళ్ళయినప్పటి నుంచి. కొనడానికి వచ్చినవాళ్ళు తొట్లు చూసి ఆయన చేయి మంచిదంటారు. ఆయన చేయి చూపిస్తాడు. నేను కాఫీ ఇస్తాను.

ఈ పనంతా మెట్ల కింద గదిలో. కాపురానికి వచ్చిన మొదటి వారం ఆ గది గోడ మీద పెన్సిలు గీతలు చూశాను. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు. సీసా పెట్టిన రోజుల లెక్క అది. ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా అర్థమైంది. గీతలు సరిగ్గా నా కళ్ళకి ఎదురుగా ఉన్నాయి. నేను వాటి పక్క నుంచే గీయడం మొదలుపెట్టాను. మా అత్తయ్య కనకాంబుజం ఒకరోజు గుమ్మంలోంచి చూసి, "ఇంకా గీస్తున్నావా?" అంది. ఇంకా అని ఎందుకందో నేను అడగలేదు.

ఆ గీతలు ఎవరివో నాకు తెలుసు. ఆయన మొదటి భార్య పూంగొడివి. ఆమె ఫోటో పూజగదిలో ఉంది. ఫోటో కింద స్టికరు అంకెలతో తేదీ ఉంది, 19.7.2013. పుట్టింట్లో కామెర్లతో పోయిందని పెళ్ళిచూపులనాడే మా అమ్మకి చెప్పారు. ముత్తైదువగా పోయిన మనిషి ఆ ఇంటికి దేవత అవుతుంది. మావాళ్ళు పూవాడైక్కారి అంటారు. ఏటా జూలై మధ్యలో మొదలయ్యే ఆడి నెలలో ఒక శుక్రవారం ఆమెకి కొత్త చీర, పువ్వులు, గాజులు పెట్టి మొక్కుతాం. తర్వాత ఆ చీర రెండో భార్య కట్టుకోవాలి. అలా నా పెట్టెలో పది చీరలు చేరాయి. పదీ ఎరుపే. రంగు అత్తయ్య చెబుతుంది. మొదటిది చిరిగాక, దాన్ని ముక్క చేసి ఆర్టీమియా వడగట్టుకోమంది. ఆ గుడ్డతోనే ఇప్పటికీ వడగడుతున్నాను. పూజనాడు ప్రసాదానికి వీధిలో అందరినీ పిలుస్తాం. ఎదురింటివాళ్ళు ఒక్కసారి కూడా రాలేదు. చీర కట్టుకుని నేను వాకిట్లోకి వస్తే వాళ్ళు తలుపు వేసుకుంటారు. దేవత చీరంటే భయమేమో అనుకునేదాన్ని.

జూలై 24, గురువారం నుంచి మూడు రోజులు నేను బయట ఉన్నాను. ముట్టులో ఉన్న మనిషి నీడ పడితే పిల్లలు చస్తాయని ఈ ఇంట్లో నమ్మకం. తొట్ల దగ్గరికి రానివ్వరు. మెట్ల మలుపులో కూర్చోవచ్చు, అక్కడి నుంచి కింద గది గుమ్మమూ పైన తొట్లూ కనిపిస్తాయి. ఆ మూడు రోజులూ మేత ఆయన వేస్తాడు. గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆయన పంపు ఆపాడు. అప్పుడే ఫోను మోగింది. ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో సీసాలో ఉన్నదంతా గుడ్డలోకి వంచాడు. గుడ్డ నిండా పెంకులు. అలాగే తీసుకెళ్ళి మూడు తొట్లలో కలిపాడు.

"ఒక్క పది నిమిషాలు ఆగితే పెంకులు తేలతాయండీ," అన్నాను మెట్ల మీంచి.

ఆయన ఫోనుకి చేయి అడ్డం పెట్టాడు. "ఈ మూడు రోజులైనా నోరు కట్టేసుకోవే. ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్నా, నువ్వు నేర్పుతావా నాకు?"

శనివారం సాయంత్రానికి తొమ్మిది వందల పిల్లల్లో ఎనిమిది వందల అరవై చచ్చాయి. వాటిని ఎత్తి పోసింది నేనే. చచ్చినవాటిని ఎత్తడానికి మైల అడ్డు రాదు. నేను వచ్చాక ఇలా జరగడం ఇది ఆరోసారి. గోడ మీద నా గీతల్లో ఆరుచోట్ల సున్నా చుట్టాను. ఆరూ నేను బయట ఉన్న రోజులే. పూంగొడి గీతల్లో కూడా సున్నాలున్నాయి. తొమ్మిది. ఏ రోజులని లెక్క కట్టడానికి అక్కడ తేదీలు లేవు.

అత్తయ్య వత్తులు చేసుకుంటూ చెప్పింది. "కడుపున కాయలేదు, చేతిలో నిలవదు. మెట్ల మీంచి నీ నీడ తొట్టి దాకా పోవడం నా కళ్ళతో చూశాను." పన్నెండున్నరకి నీడ నా కాళ్ళ కిందే ఉంది. ఆయన మాత్రం అరవలేదు, నిమ్మళంగా చెప్పాడు. శుక్రవారం పూజ కానిచ్చి శనివారం వాలాజాపేటలో మా అమ్మ దగ్గరికి వెళ్ళమన్నాడు. చేయి బాగయ్యాక కబురు పెడతామన్నాడు. ఎన్నాళ్ళకని అడిగాను.

"నీకేం తొందర? అక్కడ తిండి పెట్టరా?"

పూంగొడిని కూడా చేయి బాగుపడాలనే పుట్టింటికి పంపారని అత్తయ్య ఒకటి రెండుసార్లు చెప్పింది. అక్కడి నుంచి ఫోటో వచ్చింది. ఆ రాత్రి నేను పడుకున్నది మూల గదిలో. తలుపు తీసి ఉంటే ఫోటో కనిపిస్తుంది. ఆ గోడ మీద ఇంకో ఫోటోకి చోటుందా అని కొలుచుకున్నాను. ఉంది.

ఆదివారం తలస్నానం చేసి తొట్ల దగ్గరికి వెళ్ళాను. నలభై పిల్లలు మిగిలాయి. గుడ్ల డబ్బా ఖాళీ. గుడ్లు కొనేది ఆయనే. ఆ దుకాణం నాలుగు వీధుల అవతలే ఉన్నా నేను ఒక్కసారీ వెళ్ళలేదు. ఆ వీధిలో ఆడవాళ్ళకి పనేముందని మొదట్లోనే అన్నాడు. నలభైకి కొత్త డబ్బా ఎవడైనా తెస్తాడా, పారబోయ్ అన్నాడు. పూజ సామాను దింపడానికి అటక ఎక్కినప్పుడు ఇత్తడి కుందుల వెనక ఒక డబ్బా దొరికింది. సీలు తీయలేదు. మూత మీద దుకాణం వాళ్ళ కాగితం, దాని మీద పూంగొడి పేరు. దేవత సామానులో దేవత డబ్బా ఉండడంలో నాకు వింత కనిపించలేదు. సాయంత్రం ఐదింటికి సీసా పెట్టాను.

సోమవారం ఏమీ కాలేదు. మంగళవారం ఏడూ పదికి టార్చి పెడితే సందు దగ్గర కదలిక కనిపించింది. పది నిమిషాలు కూర్చున్నాను. పెంకులు తేలాయి. నలభై పిల్లలకి మేత వేశాక, ఎంత పాతవో ఈ గుడ్లు అనుకుని డబ్బా తిరగేసి చూశాను. అడుగున తయారీ జనవరి 2014 అని అచ్చు వేసి ఉంది. మూత తుడిచి కాగితం మళ్ళీ చదివాను. పేరు కింద, ముందు నేను చూడని వరసలో, కొన్న తేదీ ఉంది. 11.4.2014.

చేతులు కడుక్కుని పూజగదిలోకి వెళ్ళి ఫోటో కింద అంకెలు చదివాను. వేలు పెట్టి ఒక్కొక్కటీ చదివాను. ఆమె పోయాక ఎనిమిది నెలల ఇరవై మూడు రోజులకి ఆమె పేరు మీద డబ్బా కొన్నారు. నా పెళ్ళి 2014 ఆగస్టులో. సంవత్సరీకం వెళ్ళాకే పెళ్ళి చేస్తున్నామని మా అమ్మతో చెప్పారు.

అత్తయ్య వెనక గదిలో పళ్ళేలు తోమించాలని కూర్చుంది, అంటే నాతోనే. నేను రావడం ఆలస్యమైందని సణుగుతోంది. పూంగొడి అక్క ఏ సంవత్సరం పోయిందత్తయ్యా అని అడిగాను.

"ఫోటో మీద ఉందిగా. కళ్ళు లేవా?" అంది. తలెత్తలేదు. పళ్ళేలు దొంతర పెడుతూ, "ఆ పెద్ద పళ్ళెం ఇలా అందుకో, పూంగొడీ" అంది.

అలా పిలవడం మొదటిసారి కాదు. నేను పళ్ళెం అందించాను.

జూలై 31, గురువారం, ఉదయం పదింటికి అత్తయ్య చీర కొనుక్కు రమ్మని పంపింది. ఎరుపు, అంచు సన్నగా ఉండాలి అని చెప్పింది. నలభై పిల్లల్ని గాలి నింపిన సంచిలో కట్టి వెంట తెచ్చుకున్నాను. ఎందుకని ఆయన అడిగితే పారబోస్తానన్నాను. చీరల దుకాణం కుడివైపు. నేను ఎడమవైపు తిరిగాను.

గుడ్ల దుకాణంలో కూర్చున్నది సెంగమలం అనే ఆవిడ. నా వయసే ఉంటుంది. వెంట తెచ్చిన డబ్బా మూత మీది కాగితం చూపించి, ఈ డబ్బా ఎవరు కొన్నారో చెప్పగలరా అని అడిగాను. తనే రాసింది కాబట్టి వెంటనే పోల్చుకుంది.

"పూంగొడి అక్క డబ్బా ఇది. మీకెక్కడ దొరికింది?"

"మా ఇంట్లో."

ఆవిడ నన్ను, నా చేతిలో సంచిని చూసింది. "ఏంజెల్ ఇళంగో ఇల్లా?"

తలూపాను. ఆమె పోయి పన్నెండేళ్ళయిందని మా ఇంట్లో చెబుతారు అన్నాను.

సెంగమలం గల్లాపెట్టె మూసింది. "మొన్న మంగళవారం వచ్చి రెండు డబ్బాలు తీసుకెళ్ళింది అక్కా. మీంజూరులో తొట్లు పెట్టుకుంది కదా, మీ ఇంట్లోంచి వెళ్ళిన దగ్గర్నుంచీ. మీకు తెలిసే ఊరుకున్నారనుకుంటున్నాం అందరం."

మొన్న మంగళవారమంటే డబ్బాలో గుడ్లు పొదిగిన రోజు. ఎన్నింటికి వచ్చిందని అడిగాను. కొట్టు తెరవగానే, ఏడు దాటి ఉంటుంది అంది.

పూంగొడికి ఫోను ఆవిడే కలిపి నా చేతికిచ్చింది. నాలుగోసారి మోగాక తీశారు. మొదట వినిపించింది గాలి పంపు. బుడగల చప్పుడు. తర్వాత ఒక గొంతు, ఎవరూ అని.

"ఇళంగో గారింటి నుంచి మాట్లాడుతున్నాను. నా పేరు తిలకవతి."

బుడగలు వినిపించాయి. మా ఇంట్లో మెట్ల కింద గదిలో కూడా ఇదే చప్పుడు. ఆ చప్పుడులో పదకొండేళ్ళు కూర్చున్నాను కాబట్టి ఆగడం నాకు అలవాటే.

"పిల్లలు చచ్చాయా?" అంది ఆమె.

"ఎనిమిది వందల అరవై."

"పెంకులు తేలేదాకా ఆగి ఉండడు."

"ఆగలేదు."

"మెట్ల మీంచి చూశావా?"

"చూశాను."

మళ్ళీ బుడగలు. ఆమె ఏడుస్తోందా, నవ్వుతోందా నాకు తెలియలేదు. రెండూ కాకపోయి ఉండవచ్చు. నేనే అడిగాను, మీకే రంగు ఇష్టమని.

"దేనికి?"

"చీరకి."

"ఎరుపు కాకుండా ఏదైనా," అంది.

పదకొండున్నరకి ఆకుపచ్చ చీర కొన్నాను. ఇంటికి ఫోను చేయలేదు. సెంట్రల్‌లో పన్నెండుంబావుకి గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టాను. నలభై ఉన్నాయి. ఒంటిగంటా పదికి మీంజూరులో దిగాను. ప్లాట్‌ఫారం చివర, పూంగొడి ఫోనులో చెప్పిన నీళ్ళ కొళాయి పక్కన ఒకామె నిలబడి నావైపు చూస్తోంది. దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

ఇద్దరిదీ ఒకటే ఎత్తు.