ఇద్దరూ ఒప్పుకున్న మనిషి

"నువ్వు తీర్పు చెప్తావా? ముందు నా నీలం చొక్కా ఎక్కడుందో చెప్పు," అన్నాడు భర్త పొద్దున్నే.

ఆమె చెప్పింది. బీరువాలో, రెండో అరలో, ఇస్త్రీ చేసి ఉంది. మామూలు రోజైతే ఆ మాటకు మనసు చివుక్కుమనేది. ఇవాళ నవ్వొచ్చింది. నిన్న వచ్చిన ఉత్తరాన్ని అప్పటికి పదకొండుసార్లు చదివింది. కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఉత్తరం పాత ఆఫీసు నుంచి. వ్యాపార తగాదాలు కోర్టుకెక్కకుండా తీర్చే ఆ మధ్యవర్తిత్వ కేంద్రంలో ఆమె పన్నెండేళ్లు పనిచేసింది, సాయంత్రాలు లా చదివింది. నియమావళి కంఠతా వచ్చు. ఊళ్లో వ్యాపారులకైనా, సముద్రం అవతలి వాళ్లకైనా మొదటి మాట ఒకటే: మధ్యవర్తిని ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి, మధ్యవర్తి ఇరుపక్షాల మాటా వినాలి. ఇప్పుడు కలప పంపిన విదేశీ కంపెనీ, అది తడిసి వచ్చిందంటున్న ఇక్కడి కుర్చీల కంపెనీ ఐదు నెలలు ఒకరు చెప్పిన పేరు ఇంకొకరు కొట్టేసి, చివరికి ఆమె పేరు దగ్గర ఆగాయి. అప్పట్లో కాగితాలు ఆలస్యమైతే ఇరుపక్షాల లాయర్లకూ సమానంగా చీవాట్లు పెట్టింది ఆమె ఒక్కతేనట.

సమ్మతి పత్రం ఇవాళ సాయంత్రం ఐదులోగా చేరాలి. చేరకపోతే వద్దన్నట్టే.

"ఆదివారం అన్నయ్య వస్తాడుగా, కూర్చుని మాట్లాడదాం," అన్నాడు భర్త గుండీలు పెట్టుకుంటూ.

"అవునమ్మా, పెద్దవాడు ఎలా చెప్తే అలా," అంది అత్తగారు.

రెండేళ్ల కిందట కూడా ఇలాగే కూర్చున్నారు. అత్తగారి తుంటి ఎముక విరిగితే ఉద్యోగం ఎవరు మానాలో తేల్చడానికి. బావగారు పావుగంటలో తేల్చేశారు. ఆ పావుగంటా ఆమె వంటింట్లో వాళ్లకే కాఫీ కలుపుతోంది. లోకం కాగితాల్లో తప్పులు పట్టిన మనిషి, తన కేసు తను లేకుండానే నడిచిపోతే కప్పులు కడిగి బోర్లించింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అత్తగారు ఇప్పుడు పక్కింటిదాకా నడిచెళ్లి కబుర్లాడి వస్తున్నారు. ఉద్యోగమే తిరిగి రాలేదు.

చేతులు తుడుచుకుని భోజనాల బల్ల మీద పత్రం పరిచింది. మొదటి ప్రశ్న: పక్షాల్లో ఎవరితోనైనా బంధుత్వం ఉందా? ఎన్ని వందలమంది చేత నింపించిందో ఆ గడి. 'లేదు' అని రాసి, కలం ఆపింది. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తులేదు.

"బావగారు మీకేమవుతారండీ?"

"అదేం ప్రశ్న? అన్నయ్య."

"మరి మీకూ నాకూ తగాదా వస్తే ఆయనెలా తీరుస్తారు?"

"మనకిప్పుడు తగాదా ఏముంది?"

"రెండేళ్లుగా ఉంది. మీకివాళ తెలిసింది."

సంతకం పెట్టి, కవరు అంటించి, ఐదింటిదాకా ఆగలేక, తనే ఆఫీసులో ఇచ్చి రావడానికి అప్పుడే చెప్పులేసుకుంది.

"ఆదివారం బావగారిని రమ్మనండి, భోంచేసి వెళ్తారు," అంది గుమ్మంలో నిలబడి. "ఆ పాత తీర్పు మాత్రం చెల్లదని చెప్పండి. నా మాట ఎవరూ వినలేదు."