లత్సమీ వంతు

"మా ఆవిడా? ఇంట్లో తోచక వస్తుంది."

పడవెక్కినవాళ్ళు లత్సమీని చూసి ఎవరని అడిగితే, ఇరవై రెండేళ్ళుగా బున్‌థోంగ్ చెప్పే జవాబు ఇదే. ఆ తోచని మనిషి చీకటితోనే లేచి జిగురు బియ్యం ఆవిరి మీద పెట్టేది. తెల్లారగానే వీధి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, భిక్షకొచ్చిన బౌద్ధ సన్యాసుల పాత్రల్లో తలా ఒక ముద్ద వేసేది. అత్తగారికి జావ కాచి, పడవకి పూలదండ గుచ్చి, రేవుకి పరిగెత్తేది. ఊ అనే ఆ నది పొడుగునా పడవలోకి ఊరిన నీళ్ళు తోడేది. భోజనమయ్యాక మొగుడికి కునుకు పట్టగానే చుక్కాని పట్టేది. రేవు కనపడే వేళకి అతను ఒళ్ళు విరుచుకుని లేచి చుక్కాని లాక్కునేవాడు. పడవ నడిపి అలిసిపోయింది అతనేనని ఊరంతా అనుకునేది.

దండ గుచ్చడం ఆమె పని. దాన్ని పడవ ముక్కుకి కట్టడం మాత్రం మగవాళ్ళ పని. ముక్కులో పడవ తల్లి ఉంటుంది, ఆవిడకి ఆడవాళ్ళ కాలు తగలకూడదు. "ఆడకాలు పడిందా, పడవ మునిగినట్టే" అనేది అత్తగారు. అందుకే లత్సమీ ఎప్పుడూ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పక్కనుంచే ఎక్కేది. కడుపుతో ఉన్నా అంతే, జ్వరంతో ఉన్నా అంతే. దేవతా ఆడదే, దండ గుచ్చేదీ ఆడదే, మధ్యలో ఈ మగాళ్ళ పెత్తనమేమిటని ఆమెకి చాలాసార్లు ఒళ్ళు మండింది. పైకి ఒక్కసారీ అనలేదు.

మొన్న వేసవిలో అత్తగారు పోయింది. ఆవిడకి పుణ్యం దక్కాలని, వానాకాలం మూడు నెలల వ్రతానికి బున్‌థోంగ్ కాషాయం కడతానన్నాడు. మంచాన పడ్డ ఏడాదంతా ఆవిడ మలమూత్రాలు ఎత్తింది లత్సమీ. పుణ్యం మాత్రం కొడుకు గుండు చేయించుకుంటేనే వస్తుంది.

"ఈ మూడు నెలలూ పడవ తమ్ముడికిస్తున్నా."

"నేను నడుపుతాను."

"నువ్వా?" పకపకా నవ్వాడు. "ఎవరెక్కుతారే నీ పడవ?"

"మూడు వంతులు చూడు. ఒక్కరూ ఎక్కకపోతే మీ తమ్ముడికే ఇచ్చేస్తా."

రేవులో పడవలకి వంతులుంటాయి. మొదటి వంతుకి ఎవరూ ఎక్కలేదు. రెండోసారి బాతుల బుట్టతో ఒక ముసలామె ఎక్కబోయింది గానీ, కొడుకు చెయ్యి పట్టి లాగేశాడు. దిగువన లువాంగ్ ప్రబాంగ్ పట్నంలో దిగే విదేశీయులు ఇంత పైదాకా రారు, వాళ్ళమీదా ఆశ పెట్టుకోడానికి లేదు. మూడో వంతు రోజున ఆమె ఎప్పట్లాగే దండ గుచ్చి తెచ్చింది. రేవుపెద్ద ఖమ్‌సింగ్ సణుక్కుంటూ దండ కట్టిపెట్టాడు.

అప్పుడొచ్చారు విహారం నుంచి పెద్దస్వామి, వెనక అయిదుగురు సన్యాసులు. ఎగువ ఊళ్ళో ఎవరో పోతే కర్మ జరిపించడానికి బయల్దేరారు. కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోయింది.

"ఈ పూట వంతు ఆడమనిషిది స్వామీ," ఖమ్‌సింగ్ చేతులు నలుపుకున్నాడు. "వెనక పడవలో పంపిస్తాను."

"వంతు ఆవిడదేనా?"

"ఆవిడదే గానీ..."

"అయితే గానీ ఏమిటయ్యా? ఇవాళ ఆవిడ వంతు దాటేస్తే, రేపు నీ వంతు దాటేస్తారు," అంటూ పెద్దస్వామి ఎక్కి కూర్చున్నాడు.

కాషాయం ముందు కట్టినవాళ్ళు ముందు కూర్చోవాలి, తరవాత కట్టినవాళ్ళు వెనక. ఆ అయిదుగురిలో ఒకడైన నలభై ఆరేళ్ళ బున్‌థోంగ్ సన్యాసై నెల దాటిందంతే. మీసమైనా రాని వాళ్ళందరి వెనకా, సరిగ్గా లత్సమీ ముందు, ఆమెకి వీపు పెట్టి కూర్చోవాల్సి వచ్చింది.

నది ఎర్రగా పొంగి ఉంది. రెండు బండల మలుపు దగ్గర అతను ఆగలేకపోయాడు. "కుడికి! కుడికి తిప్పవే!"

పెద్దస్వామి గొంతు సవరించుకున్నాడు. లత్సమీ ఎడమకి తిప్పింది. నిరుటి వరదకి కుడిపక్క ఇసుక మేట వేసింది. ఆ మలుపులో అతను మేలుకుని ఉన్నదెప్పుడు గనక, తెలియడానికి? పడవ సాఫీగా దాటిపోయింది. బున్‌థోంగ్ మెడ ఎర్రబడింది.

అసలు చిక్కు ఎగువ ఊరి రేవు దగ్గరొచ్చింది. వానలకి ఒడ్డు పక్కన నిలువు లోతుంది, దిగితే మునగడమే. తాడు కట్టాలంటే ముక్కు మీదికి వెళ్ళి ఒడ్డుకి దూకాలి. బున్‌థోంగ్ గబుక్కున లేవబోయాడు. పడవ ఒరిగింది.

"కూర్చోండి స్వామీ!" అరిచింది లత్సమీ. మొగుడి మీద అరవడం అదే మొదటిసారి. అతను కూర్చున్నాడు.

పడవ ముక్కుని బురదలోకి గుచ్చి, మోటారు మెల్లగా తిరుగుతుండగానే చుక్కానిని తాడుతో బిగించింది. అంచు పట్టుకుని ముందుకి నడిచింది. ఆడమనిషి తగలకుండా సన్యాసులు ఒక్కొక్కరే కాషాయాలు దగ్గరికి లాక్కున్నారు. ముక్కు దగ్గర ఆగింది. భయం వేసింది, నిజంగానే భయం వేసింది. ఇంతమంది ప్రాణాలు తన ఒక్క కాలి మీద ఉన్నట్టనిపించింది.

"నీకు దండ గుచ్చేది నేనే తల్లీ. నా చేతులు పనికొచ్చినప్పుడు కాళ్ళకేమొచ్చింది?" అని కాలు పెట్టింది.

పడవ మునగలేదు. ఒడ్డుకి దూకి తాడు కట్టింది. పెద్దస్వామి మెల్లగా దిగి, "నాలుగింటికల్లా సిద్ధంగా ఉండు తల్లీ, చీకటి పడేలోగా విహారం చేరాలి," అని ముందుకి నడిచాడు. ఒడ్డున చూస్తున్నవాళ్ళకి ఆ ఒక్క మాట చాలింది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో స్వాములు కాక ఇంకో ఏడుగురు ఎక్కారు. వాళ్ళని ఎక్కించుకుంటుంటే లత్సమీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

సొంత రేవులో అందరూ దిగిపోయాక కూడా బున్‌థోంగ్ కాసేపు తచ్చాడాడు. ఆమె వైపు చూడకుండా నేలతో చెప్పాడు.

"వ్రతం కాగానే కాషాయం విడిచేస్తున్నా. ఆ మర్నాటి నుంచే పడవలోకి వస్తాను."

లత్సమీ, సన్యాసికి మొక్కాల్సిన పద్ధతిలోనే, మోకాళ్ళ మీద కూర్చుని చేతులు జోడించింది.

"అలాగే రండి స్వామీ. ఎక్కడికెళ్ళాలో ముందురోజు చెప్పండి, చోటు ఉంచుతాను."