శబ్దం దిగేదాకా

శౌరయ్య చెప్పుల పట్టీలు విప్పి, రెండు చెప్పులూ జతగా చేర్చి సీటు కిందికి నెట్టాడు. కుడికాలు ఎడమ మోకాలి మీద పెట్టుకుని బొటనవేలి గోటితో అరికాలు నొక్కి చూశాడు. మడమ దగ్గర కొంచెం తెలిసింది. వేళ్ళ కింద ఏమీ తెలియలేదు. నిన్న ఎక్కడిదాకా తెలిసిందో గుర్తుచేసుకోబోయి మానుకున్నాడు. తాళం తిప్పాడు.

ఉత్తకాలితో తప్ప అతను ఏనాడూ బండి నడపలేదు. ఇరవై ఏళ్ళు ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం బూడిద లారీ తోలినప్పుడూ అంతే, పదిహేడేళ్ళుగా గుణదలలో సురేష్ వాళ్ళ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతున్నప్పుడూ అంతే. పెడలు సంగతి అరికాలికి తెలియాలి, ఇంజను సంగతి చెవికి తెలియాలి అనేవాడు. మొదటిరోజు ఎవరినీ స్టీరింగు ముట్టనిచ్చేవాడు కాదు. పక్కన కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, తను గేర్లు మారుస్తూ కాలవ గట్టున తిప్పేవాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే శబ్దం దిగుతుంది. దిగిన చోట గేరు పడాలి. అది చెవికి పట్టినవాళ్ళు ఇక మీటరులో ముల్లు చూడక్కరలేదు.

పాత బండి అమ్మేసి సురేష్ కొత్తది కొన్నాక ఈ లెక్క తప్పింది. క్లచ్ నొక్కి, కుడికాలు పైకెత్తుతాడు. ఇంజను మోగుతూనే ఉంటుంది. ఒక క్షణం అదే ఎత్తులో నిలబడి, అప్పుడు నెమ్మదిగా కిందికొస్తుంది. ఈలోగా అలవాటు ప్రకారం క్లచ్ వదిలితే, ఎవరో వెనకనుంచి తోసినట్టు బండి ఊగుతుంది. ముప్పై ఏడేళ్ళలో అతని చేతికింద ఏ బండీ అలా ఊగలేదు. ఈ ఇరవై రోజుల్లో ఎన్నిసార్లు ఊగిందో అతనికి తెలుసు.

బండిలో ఏదైనా ఉంటుందని అతనికి తోచలేదు. అది కొత్తది. పాతది తన కాలు. పదకొండేళ్ళుగా షుగరు. పోయిన నెల రామవరప్పాడు రింగు దగ్గర కుడి చెప్పు జారిపోతే, ఎవరో వెనకనుంచి కేకవేసి చెప్పేదాకా తెలియలేదు. ఆ సాయంత్రమే రెండు చెప్పులకీ వెనక పట్టీలు కుట్టించుకున్నాడు. కాలు ఎత్తానని తను అనుకుంటున్నాడు, అది ఎత్తడంలేదు. అంతే అయ్యుంటుంది. అలాంటి కాలు పెట్టుకుని ఇంకొకరికి నేర్పడం తప్పు.

జేబులో కాగితం ఉంది. డ్రైవింగ్ స్కూలు కరపత్రం వెనక నీలం సిరాతో రాసింది. "నా కుడికాలు నా స్వాధీనంలో లేనందున రేపటినుండి పనికి రాలేనని మనవి." భార్య హెలెన్ ఉంటే ముందు ఆమెకే చదివి వినిపించేవాడు. ఆమె పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. రేపు పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలన్నది ఎంత ఆలోచించినా తేలలేదు. మధ్యాహ్నం తాళం అప్పగించేటప్పుడు కాగితం కూడా సురేష్ చేతిలో పెట్టేయాలనుకున్నాడు.

పటమటలో జ్ఞానేశ్వరి టీచరు గేటు ముందే నిలబడి ఉంది. హనుమాన్ జంక్షన్ దగ్గర బడిలో ఆమె పని. భర్త పోయి ఎనిమిది నెలలు. ఆయన కారు కవరు కింద అలాగే ఉండిపోయింది. జూన్‌లో బడి తెరిచేనాటికి అందులోనే వెళ్ళాలని పట్టుబట్టి నేర్చుకుంటోంది. శౌరయ్య చెప్పులు చేత్తో పట్టుకుని దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వాటిని ఎడమ సీటు కింద పెట్టి కూర్చున్నాడు. అతని వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉన్నాయి.

కాలవ గట్టు మీద ఆమె రెండో గేరు వేసింది. బండి ఊగింది.

"కాలు పూర్తిగా తియ్యలేదు టీచర్ గారూ."

"తీశానండీ."

"తీసినట్టే అనిపిస్తదండి."

మళ్ళీ అదే. మూడోసారి ఆమె బండి పక్కకి తీసి ఆపేసింది.

"మాస్టారూ, లెక్క చేశామని పిల్లలు నోటితో చెబితే నేను నమ్మను, నోట్సు తెమ్మంటాను. మీరూ నన్ను నమ్మొద్దు. నేను రోడ్డు చూసుకుంటా, మీరు నా కాలు చూడండి."

ఇన్నేళ్ళలో అతను నేర్చుకునేవాళ్ళ కాళ్ళు చూసిందిలేదు. వినేవాడు. ఇప్పుడు వంగి చూశాడు. బండి కదిలింది. ఆమె క్లచ్ నొక్కింది. కుడికాలు పెడలు మీదనుంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచింది. గాల్లో ఉంది. శబ్దం దిగలేదు.

"ఇంకోసారి," అన్నాడు.

ఇంకోసారీ అంతే.

"ఆటోనగర్ పోనివ్వండి."

"నేనా? ఆ లారీల మధ్యలోనా?"

"నా దగ్గర బ్రేకుందిగా. పోనివ్వండి."

అబ్రహాము లారీ రోజులనుంచీ తెలిసిన మెకానిక్కు. చేతులనిండా గ్రీజుతో వచ్చి కిటికీలో తల పెట్టాడు. రెండుసార్లు ఇంజను రేజ్ చేయించి విని, నవ్వాడు.

"దీనికేం రోగం లేదన్నా. ఇప్పుడొచ్చే బళ్ళన్నీ ఇంతే. ఎక్స్‌లేటర్‌కి కేబులే లేదు. నువ్వు కాలు తీస్తే లోపల కంప్యూటర్‌కి కబురెళ్ళుద్ది. పొగ తగ్గాలని, అది ఇంజన్లోకి గాలెళ్ళే మూత మెల్లిగా మూస్తది. నువ్వు తీసిన వెంటనే రేజింగ్ ఎందుకు దిగుద్ది?"

"అయితే కాలుదేం లేదంటావు."

"ఎవరి కాలు?"

"ఎవరిదీ కాదులే."

"ఇరవై రోజులు తోలి ఇప్పుడొచ్చావా అడగటానికి? అప్పుడే ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోయింది? దిగేదాకా ఆగి క్లచ్ వదులు, అంతే. ఏదన్నా కాయితం ఉంటే ఇయ్యి, చేతులు తుడుచుకోవాలి."

శౌరయ్య జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. అబ్రహాము చూడకుండానే వేళ్ళు తుడుచుకుని, ఉండచుట్టి పాత టైర్లలోకి విసిరేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె అడిగింది. "ఎంతసేపు ఆగాలండీ?"

"మనసులో మరియమ్మ అనుకోండి. అప్పుడు వదలండి."

"మాకు దుర్గమ్మండీ."

"దుర్గమ్మైనా సరిపోద్ది. ముందు 'కనక' అని చేర్చకండి, అంతసేపైతే వెనకాల లారీవోడు హారనెత్తుకుంటాడు."

ఆమె నవ్వింది. ఇన్ని రోజుల్లో ఆమె నవ్వడం అతను చూడలేదు. నవ్వు ఆగాక గేరు మార్చింది. కాలు లేచింది, శబ్దం నిలబడింది, దిగింది. ఆమె క్లచ్ వదిలింది. గేరు మారినట్టే తెలియలేదు.

"అదీ!" అన్నాడు శౌరయ్య.

గేటు దగ్గర దిగుతూ, "రేపు పదింటికేనా మాస్టారూ?" అంది.

"పదింటికే. మీ బండి కవరు తీసి ఉంచండి. దాని గొంతు కూడా వినాలిగా."

చేతులు ఊపుకుంటూ చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. గుణదల వెళ్ళేదాకా గేరు మార్చిన ప్రతిసారీ మరియమ్మ అని పైకే అన్నాడు. అవసరం లేనిచోట కూడా మార్చాడు. బండి ఒక్కసారీ ఊగలేదు.

"బండెలా ఉంది శౌరయ్య గారూ?" తాళం తీసుకుంటూ సురేష్ అడిగాడు.

"బాగుంది. కాస్త నిదానం, అంతే."

"మీకు తగినదే దొరికింది."

శౌరయ్య నవ్వి బయటికి వచ్చాడు. మే నెల ఎండ నడినెత్తిన ఉంది. తారు మెత్తబడింది. ఎదురొచ్చేవాళ్ళు నీడ కోసం గోడలవైపు జరుగుతున్నారు. అతను జరగలేదు. మరియమ్మ కొండవైపు చూసుకుంటూ, రోడ్డు మీదనే, ఇంటిదాకా నిదానంగా నడిచి వెళ్ళాడు.

మర్నాడు పదింటికి జ్ఞానేశ్వరి కారు కవరు తీసి మడతపెట్టి ఉంచింది. డ్రైవింగ్ స్కూలు బండి వచ్చింది. సురేష్ ఒక్కడే దిగాడు.

"మాస్టారు పోయారండీ. పాల ప్యాకెట్టు గుమ్మంలోనే ఉందని పక్కింటివాళ్ళు తలుపు తోసి చూశారంట. నిద్రలోనే. గుండె అన్నారు డాక్టరు గారు. షుగరున్నోళ్ళకి ఒక్కోసారి నొప్పి కూడా తెలీదంటండి."

ఆమె గేటు ఊచ పట్టుకుంది.

"సాయంత్రం తీసుకెళ్తారు. మీకు చెప్పి వెళ్దామని వచ్చాను." సురేష్ బండి తలుపు మూశాడు. "అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయండీ. నిన్న ఆ ఎండలో ఉత్తకాళ్ళతో నడిచెళ్ళారని టీకొట్టాయన చెబుతున్నాడు. చెప్పులు చూస్తే ఇంట్లోనూ లేవు. ఎక్కడ వదిలేశారో."

జ్ఞానేశ్వరి గేటు వదిలింది. బండి చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ తలుపు తీసి వంగింది. సీటు కింద, రబ్బరు మ్యాట్ మీద, రెండు చెప్పులు జతగా చేర్చి ఉన్నాయి. కొత్తగా కుట్టించిన పట్టీలు విప్పి ఉన్నాయి.