తుడుచుకోని కళ్ళు

కల్లంలో సుబ్బరావమ్మ కెంపు ఉంగరం పోయింది. పొద్దున కూలీలు తక్కువై, ఎన్నడూ లేనిది ఆమె కూడా మిరపకుప్ప ముందు కూర్చుని తాలుకాయలు ఏరింది. పక్కన ఉన్నది కూలి మనిషి ఆదెమ్మ ఒక్కతే.

"పోలీసులకి చెబుదామండీ," అన్నాడు కూలీలను తెచ్చే మేస్త్రి జక్రయ్య.

స్టేషన్ మెట్లెక్కిన మనిషిని ఆ చుట్టుపక్కల మళ్ళీ ఏ కల్లానికీ పిలవరు. ఆదెమ్మకు అది తెలుసు.

"పోలీసులెందుకు? మా బిందు దొంగల చదువు చదువుతోందిగా," అంది సుబ్బరావమ్మ. "ఏమే, దీని మొహం చూసి చెప్పు."

దొంగల చదువంటే ఫోరెన్సిక్ సైకాలజీ. ఏదో విదేశీ యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ఇచ్చే సర్టిఫికెట్. దానికోసం ఆమె కూతురు బిందుమాధవి చిలకలూరిపేట వెళ్ళి బుడాన్ నెట్ సెంటర్లో కూర్చుని పాఠాలు చదివేది. కరెంటు పోతే పాఠం సగంలో ఆగేది. మిగతా సగాన్ని తిరుగు బస్సులో ఎదుటి మొహాల్లో వెతుక్కునేది. ఎంత మూసుకున్న మొహమైనా ఒకనాటికి తనకు లొంగుతుందని ఆమెకో రహస్యమైన ఆశ.

ఇప్పుడు అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆ చూపులు తియ్యగా ఉన్నాయి. ఆ తీపికే ఆమెకు భయం వేసింది.

ఆదెమ్మ నేలచూపులు చూస్తూ నిలబడింది. చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుంది. కన్నీళ్ళు చెంపల మీదుగా కారి గడ్డం దగ్గర ఆగుతున్నాయి.

"చూడు, ఏడుస్తుందే గాని కళ్ళు తుడుచుకోదు. దొంగేడుపు," అంది సుబ్బరావమ్మ.

బిందుకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. అబద్ధానికి ఫలానా గుర్తంటూ లేదని పాఠంలో చదివింది. ఆ జవాబు రాసి మార్కులూ తెచ్చుకుంది. అయినా మనసు గుర్తుల కోసమే తడుముతోంది. చదువు మనసు దాకా దిగడానికి ఇంకా కాలం పడుతుంది కాబోలు.

"మొహం చూసి చెప్పటం రాదమ్మా," అంది.

"మరి ఇన్నాళ్ళూ ఏం నేర్చావే?"

జక్రయ్య నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. బిందు వెళ్ళి కుప్ప దగ్గర కూర్చుని కాయలు ముందుకు లాక్కుంది.

"రా ఆదెమ్మా, ఏరుకుంటూ మాట్లాడుకుందాం. ఉంగరం సంగతి వదిలెయ్. పొద్దున్నుంచీ ఏం జరిగిందో నీకు తోచినట్టు చెప్పు."

"ఏముందని చెప్పను పాపా?"

"ఏదైనా సరే."

ఆదెమ్మ మెల్లగా మొదలుపెట్టింది. మంచుకు కాయలు మెత్తబడ్డాయట. కల్లంలోకి కుక్క వస్తే తరిమిందట. సుబ్బరావమ్మ ఏదో అనబోతే బిందు చెయ్యెత్తి వారించింది. మధ్యలో ప్రశ్న పడితే జ్ఞాపకం ఆ ప్రశ్న వెంట పోతుంది.

"...కాసేపటికే చేతులు మండుతున్నయ్యని అమ్మగారు లేచారు. మా మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టి పిసుక్కున్నారు. కూలోళ్ళ గిన్నె అని కూడా చూళ్ళా. తర్వాత ఆ మజ్జిగ నేనే తీసకెళ్ళి కుడితి తొట్లో పోశా."

సుబ్బరావమ్మ తన బోసి వేలు వైపు చూసుకుంది.

"గేదె మింగకపోతే దక్కినట్టే," అంటూ జక్రయ్య చొక్కా చేతులు మడిచి తొట్టిలో దేవులాడాడు. తవుడు అంటిన ఉంగరం తీసి చూపించాడు.

"ఈ ముక్క ఇందాకే చెప్పొచ్చుగా," అంది సుబ్బరావమ్మ. గొంతులో పదును లేదు.

"ఉంగరం చూశావా అన్నారు, చూళ్ళేదన్నా. మజ్జిగ సంగతి ఎవరడిగారమ్మగారూ?"

బిందు కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి కంటి దాకా వెళ్ళింది. ఆదెమ్మ మోచేత్తో దాన్ని పక్కకు తోసింది.

"ఆగాగు పాపా. కారం చేతులు. కళ్ళ జోలికి పోబాక."

బిందు చేతులు ఒంటికి దూరంగా పెట్టుకుని, చెంపల మీద నీళ్ళను కారనిచ్చింది. సుబ్బరావమ్మ కూతుర్ని చూసింది. ఆదెమ్మను చూసింది. ఇంట్లోకి వెళ్ళి గిన్నె నిండా చల్లటి మజ్జిగ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

బిందు చేతులు చాచబోయింది.

"ఆగవే," అంది తల్లి. "ముందు ఆదెమ్మని కడుక్కోనీ."